ముందు ఫైలును చదవండి... ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్

వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటే ఉపాధికి లోటుండదని అందరూ చెబుతున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న దగ్గరే విద్యార్థులు ఆగిపోతున్నారు. నిజానికి మొదట అడగాల్సిన ప్రశ్న అది కాదు. కెమెరా ఇచ్చిన ఫైలులో ఏముందో తెలిస్తే సాఫ్ట్‌వేర్ ఏదన్నది దానంతటదే తేలుతుంది. తొలి కొలువుకు దారి కూడా అక్కడే ఉంది.

మహాశివరాత్రికి పట్టిసీమ రేవు ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. నది మధ్యలో దేవకూట కొండ, దానిమీద వీరభద్రస్వామి గుడి, రేవు నుంచి పడవలు, ఇసుకతిన్నెల మీద బారులు తీరిన జనం. మీ ఊరి స్టూడియోలో పాత హెచ్‌డీ క్యామ్‌కార్డర్ ఒకటి అడిగి తెచ్చుకుని మీరూ రెండు గంటలు తీశారనుకుందాం. కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టారు. ఇప్పుడు మూడింట్లో ఒకటి జరుగుతుంది. ఒకటి, ఫైలు అసలు తెరుచుకోదు. రెండు, బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. మూడు, రెండూ వస్తాయి కానీ బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

చాలామంది ఇక్కడ సాఫ్ట్‌వేర్ బాలేదని తేల్చేసి ఇంకోటి వేసుకుంటారు. అదీ కుదరకపోతే ల్యాప్‌టాప్ మార్చాలంటారు. ఈ రెండింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు.

పెట్టె వేరు... సరుకు వేరు

ఫైలు పేరు చివర కనిపించే ఎంపీ4, ఎంఓవీ, ఎంటీఎస్ అన్నవి పెట్టెల పేర్లు. లోపలి సరుకు వేరు. బొమ్మను కుదించే పద్ధతి ఒకటి, శబ్దాన్ని కుదించే పద్ధతి మరొకటి ఉంటాయి. వీటినే కోడెక్ అంటారు. సాఫ్ట్‌వేర్‌కు పెట్టెను తెరవడం, రెండు సరుకుల్నీ విప్పడం... మూడూ తెలియాలి. ఒక్కటి తెలియకపోయినా పైన చెప్పిన తిప్పలే.

మన దగ్గర పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల్లో ఇప్పటికీ కనిపించే హెచ్‌డీ క్యామ్‌కార్డర్లలో ఎక్కువ భాగం ఏవీసీహెచ్‌డీ రకానివి. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన పద్ధతి ఇది. భుజం మీద పెట్టుకునే సోనీ ఎంసీ 2500 లాంటి కెమెరాలు దీన్నే రికార్డు చేస్తాయి. ఇందులో పెట్టె ఎంటీఎస్. బొమ్మ హెచ్.264. శబ్దం చాలా కెమెరాల్లో డాల్బీ ఏసీ-3. బొమ్మకు వాడిన హెచ్.264ను దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరూ చదువుతుంది. ఏసీ-3కి మాత్రం లైసెన్సు గొడవ ఉంది. అందుకే కొన్ని సాఫ్ట్‌వేర్లలో బొమ్మ వచ్చి శబ్దం మాయమవుతుంది. ఫైలు పాడవలేదు, మీ మైకూ చెడిపోలేదు. ఆ ఒక్క తాళంచెవి ఆ సాఫ్ట్‌వేర్ దగ్గర లేదంతే.

అంతకుముందు 2003లో వచ్చిన హెచ్‌డీవీ టేపు మీద రికార్డయ్యేది. అందులో బొమ్మకు ఎంపెగ్-2 వాడారు. 2013లో సోనీ తెచ్చిన ఎక్స్‌ఏవీసీ-ఎస్‌లో పెట్టె ఎంపీ4 అయింది, శబ్దం కుదించకుండా వస్తుంది. ఇప్పటి ఫోన్లు హెచ్.264తోపాటు హెచ్.265 కూడా ఇస్తున్నాయి. ఒకే పెళ్లికి ఇద్దరు కెమెరామన్లు, ఒక ఫోను పనిచేస్తే మీ ముందుకు మూడు రకాల సరుకు వచ్చినట్లే.

మరి లోపల ఏముందో తెలుసుకోవడమెలా? మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైలును దాంట్లో వేస్తే పెట్టె, కోడెక్, ఫ్రేమ్ రేటు, బిట్‌రేటు, శబ్దం రకం... అన్నీ చూపిస్తుంది. డాక్టరు మందు రాసేముందు రక్తపరీక్ష చేయించినట్టు, ప్రతి పనీ దీంతో మొదలుపెట్టండి.

కార్డును కార్డులాగే కాపీ చేయండి

ఏవీసీహెచ్‌డీ కార్డును తెరిస్తే ఫోల్డర్‌లో ఫోల్డర్ కనిపిస్తుంది. ప్రైవేట్, దానిలో ఏవీసీహెచ్‌డీ, దానిలో బీడీఎంవీ, దానిలో స్ట్రీమ్. వీడియోలు ఉండేది స్ట్రీమ్‌లోనే కదా అని అవి మాత్రమే లాగేసుకుంటే ఓ చిక్కుంది. ఆగకుండా గంటసేపు రికార్డు చేసినా కెమెరా దాన్ని దాదాపు 2 లేదా 4 జీబీ ముక్కలుగా కోసి పెడుతుంది. కార్డు ఫైల్‌సిస్టమ్ ఫ్యాట్32 అయితే ఒక్కో ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. ఆ ముక్కల్ని ఏ వరుసలో, ఎక్కడ అతకాలన్న సమాచారం పక్క ఫోల్డర్లలో ఉంటుంది. ముక్కల్ని విడివిడిగా టైమ్‌లైన్‌లో పేరిస్తే అతుకు దగ్గర శబ్దం ఒక్క క్షణం తెగొచ్చు. అది సరిగ్గా మాంగల్యధారణ మంత్రం దగ్గర తెగిందనుకోండి, ఆ పెళ్లివారికి మీరేం చెబుతారు?

అందుకే మొత్తం కార్డును ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫోల్డర్‌లోకి దించండి. తేదీ, కెమెరా, కార్డు సంఖ్యతో దానికి పేరు పెట్టండి. మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాల మీద, ఒకటి వేరే చోట. ఇది ప్రపంచమంతా పాటించే పద్ధతి. రెండో కాపీ తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. తాళి మళ్లీ కట్టించలేం.

ల్యాప్‌టాప్ ఎందుకు ఆయాసపడుతుంది?

కిరాణా కొట్టు పద్దు పుస్తకం చూసే ఉంటారు. మొదటి వరుసలో వివరం పూర్తిగా రాసి, కింద వరుసల్లో డిటో గుర్తులు పెడతారు. హెచ్.264 చేసేదీ అదే. ఒక ఫ్రేమును పూర్తిగా దాచి, తర్వాతి కొన్ని ఫ్రేముల్లో మారిన భాగాలే రాస్తుంది. చోటు బాగా కలిసొస్తుంది. చూడటానికి ఇబ్బంది లేదు, ఎడిటింగ్‌కే ఇబ్బంది. మీరు ఎనిమిదో ఫ్రేము దగ్గర కత్తిరించాలంటే కంప్యూటర్ మొదటి వరుస దాకా వెళ్లి, అక్కణ్నుంచి డిటోలన్నీ విప్పుకుంటూ రావాలి. పాత ల్యాప్‌టాప్ ఆయాసపడేది ఇక్కడే.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది ప్రాక్సీ. అసలు ఫైళ్లను పక్కనుంచి, వాటికి చిన్న నకళ్లు తయారుచేసి వాటితో ఎడిట్ చేస్తారు. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మళ్లీ అసలు ఫైళ్లనే వాడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి ఇదే మేలు.

రెండోది ఇంటర్మీడియట్ కోడెక్. ప్రతి ఫ్రేమునూ విడిగా, పూర్తిగా రాసే డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, ప్రోరెస్ లాంటివాటిలోకి ఫుటేజీ మొత్తాన్ని మార్చుకోవడం. ఎడిటింగ్ వెన్నలా సాగుతుంది. చోటు మాత్రం అడక్కండి. లెక్క చూడండి. సెకనుకు 24 మెగాబిట్ల ఏవీసీహెచ్‌డీ అంటే సెకనుకు 3 మెగాబైట్లు, గంటకు 10.8 జీబీ. ఆరు గంటల పెళ్లికి దాదాపు 65 జీబీ. అదే ఫుటేజీని సెకనుకు 120 మెగాబిట్ల డీఎన్ఎక్స్‌హెచ్‌డీలోకి మారిస్తే గంటకు 54 జీబీ, మొత్తం 324 జీబీ. హార్డ్‌డిస్క్‌లో చోటు చూసుకోకుండా మొదలుపెడితే సగంలో ఆగిపోతారు.

దువ్వెన పళ్లు... తేడా ఫ్రేములు

పాత క్యామ్‌కార్డర్లలో 1080ఐ అని ఉంటుంది. ఐ అంటే ఇంటర్‌లేస్డ్. ఒక ఫ్రేములో సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీస్తుంది. సెకనుకు 50 సగాలు, అంటే 25 ఫ్రేములు. పాత టీవీల కోసం పెట్టిన ఏర్పాటిది. ఫోను తెర మీద, కంప్యూటర్ మీద కదిలే పడవ అంచు చూస్తే దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. పోవాలంటే డీఇంటర్‌లేస్ చేయాలి. ఆ సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. ఫీల్డ్ ఆర్డర్ అన్నచోట హెచ్‌డీ ఫుటేజీకి పై ఫీల్డ్ ముందు, పాత డీవీ టేపులకు కింది ఫీల్డ్ ముందు అని పెట్టాలి. తప్పు పెడితే కదలిక వణుకుతున్నట్టు ఉంటుంది.

ఇంకో చిక్కు ఫ్రేమ్ రేటు. మన దగ్గర క్యామ్‌కార్డర్లు 25 లేదా 50లో తీస్తాయి. ఫోన్లు సాధారణంగా 30లో తీస్తాయి, పైగా ఆ 30 కూడా స్థిరంగా ఉండదు. వెలుతురును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అందుకే గంట వీడియోలో చివరికొచ్చేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట. ఫోను ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేటులోకి మార్చుకుని, ఆపైన టైమ్‌లైన్‌లోకి తీసుకోండి. ప్రధాన కెమెరా 25లో ఉంటే ప్రాజెక్టునూ 25లో పెట్టండి. డావిన్సీ రిసాల్వ్‌లో ఫుటేజీ చేర్చాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చనివ్వదు. మొదటి నిమిషంలోనే చూసుకోవాలి.

తీసేటప్పుడే ఒక జాగ్రత్త: మన కరెంటు 50 హెర్ట్జ్. రాత్రి ఉత్సవాల్లో సీరియల్ లైట్లు, ట్యూబులైట్లు మినుకుమినుకుమనకుండా ఉండాలంటే షట్టర్ 1/50 లేదా 1/100లో పెట్టండి. ఈ మినుకును ఎడిటింగ్‌లో తీయడం చాలా కష్టం.

ఏది ఎవరికి?

షాట్‌కట్, కేడెన్‌లైవ్: రెండూ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. వీటి వెనక ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంజిన్ ఉంది. అది చదవని ఫార్మాట్ అరుదు. ఎంటీఎస్ ఫైలును బొమ్మ, శబ్దంతో సహా తీసుకుంటాయి. ప్రాక్సీ, డీఇంటర్‌లేస్ రెండూ ఉన్నాయి. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీ పనికి సరిపోతాయి. మొదటి అడుగు వీటితో వేయొచ్చు.

డావిన్సీ రిసాల్వ్: ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్‌ది. ఉచిత వెర్షన్‌లోనే ఎడిటింగ్, కలర్, సౌండ్ అన్నీ నేర్చుకోవచ్చు. సినిమా రంగంలో కలర్ పనికి దీనికి పెద్ద పేరుంది. అయితే 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే సుఖం. విండోస్‌లో ఎంటీఎస్ ఫైలుకు శబ్దం రాలేదన్న ఫిర్యాదు దీంట్లో తరచూ వినిపిస్తుంది. లైనక్స్‌లో ఉచిత వెర్షన్ హెచ్.264ను అసలు చదవదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో బొమ్మను ముట్టుకోకుండా శబ్దాన్ని మాత్రం పీసీఎంలోకి మార్చి, ఎంఓవీ పెట్టెలో పెట్టుకుంటే శబ్దం సమస్య తీరుతుంది. బొమ్మను మళ్లీ కుదించడం లేదు కాబట్టి నాణ్యత తగ్గదు, పనీ నిమిషాల్లో అయిపోతుంది.

ప్రీమియర్ ప్రో: అడోబ్‌ది. చందా కట్టాలి. యూట్యూబ్ సంస్థలు, ప్రకటనల కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో తరచూ కనిపించే పేరు. విద్యార్థులకు తగ్గింపు ఉంది.

ఎడియస్: మన ఊళ్లలో వీడియో మిక్సింగ్ యూనిట్లకు వెళ్తే ఎక్కువగా కనిపించేది ఇదే. రకరకాల ఫార్మాట్లను మార్చకుండానే ఒకే టైమ్‌లైన్‌లో నడపడం దీని బలం. దగ్గర్లోని మిక్సింగ్ యూనిట్‌లో పని నేర్చుకోవాలనుకుంటే ఇది తెలిసుండటం లాభం.

ఫైనల్ కట్ ప్రో: విండోస్‌లో నడవదు, యాపిల్ మ్యాక్ ఉన్నవాళ్లకే. కార్డు మొత్తాన్ని అలాగే ఉంచితే ఏవీసీహెచ్‌డీని చక్కగా తీసుకుంటుంది.

కొత్తదే మేలన్న భ్రమ వద్దు. ఆస్కార్ ఉత్తమ చిత్రంగా నిలిచిన 2019 నాటి కొరియా సినిమా ‘పారసైట్’ను ఎడిట్ చేసింది ఫైనల్ కట్ ప్రో 7లో. యాపిల్ దాన్ని ఆపేసింది 2011లోనే. ఎడిటరుకు అలవాటైన సాధనం, ఫుటేజీకి సరిపోయే పద్ధతి... ఈ రెండూ కుదిరాయి, అంతే.

క్రాక్ జోలికి పోవద్దు

ఉచితంగా వస్తుందని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునే క్రాక్ సాఫ్ట్‌వేర్ వెనక మాల్‌వేర్ రావడం మామూలే. ఫైళ్లన్నింటికీ తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చిందంటే, పోయేది మీ ప్రాజెక్టు ఒక్కటే కాదు. మిమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్ల పెళ్లి ఫుటేజీ కూడా. పైగా లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్‌తో చేసిన పనిని కంపెనీకి అమ్మితే చట్టపరంగానూ చిక్కే. ఉచితంగా, చట్టబద్ధంగా ఇన్ని దారులున్నప్పుడు ఆ అవసరమే లేదు.

గోదారిని మించిన పరీక్ష లేదు

సాఫ్ట్‌వేర్ పనికొస్తుందో లేదో ప్రకటనలు చూసి తేల్చుకోవద్దు. మీ కెమెరా, మీ ల్యాప్‌టాప్, మీ చుట్టూ ఉన్న దృశ్యంతో తేల్చుకోండి. ఈ విషయంలో గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పారే నీరు కోడెక్‌కు గట్టి శత్రువు. ప్రతి ఫ్రేములో ప్రతి అలా మారిపోతుంటే డిటో గుర్తు పెట్టే వీలే ఉండదు. బిట్‌రేటు చాలకపోతే నీళ్లు గళ్లుగళ్లుగా విరిగిపోతాయి.

పట్టిసీమ రేవులో నాలుగు షాట్లు తీయండి, ఒక్కోటి 15 సెకన్లు. కదలని కెమెరాతో పారే నీరు. అడ్డంగా వెళ్లే పడవ. ఎండలో తెల్లటి ఇసుకతిన్నె మీద నడిచే మనుషులు. చీకటిపడ్డాక దీపం వెలుగులో ఓ ముఖం, మాటతో సహా. మొదటిది బిట్‌రేటును పరీక్షిస్తుంది. రెండోది ఇంటర్‌లేస్‌ను, మూడోది వెలుగునీడల పరిధిని, నాలుగోది నాయిస్‌నూ శబ్దాన్నీ. పట్టిసీమ ఎత్తిపోతల దగ్గర 24 పంపులు నీటిని ఎత్తిపోసే దృశ్యం ఇంకా గట్టి పరీక్షే గానీ, ప్రాజెక్టు ప్రాంతంలో అనుమతి లేకుండా కెమెరా తీయకండి.

ఈ నిమిషం ఫుటేజీని రెండు మూడు సాఫ్ట్‌వేర్లలో వేసి, కింది ఆరు ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

1. ఫైలు మార్చకుండానే తెరుచుకుందా?
2. శబ్దం వచ్చిందా? పెదాలతో కలిసిందా?
3. ఆగకుండా నడిచిందా? లేకపోతే ప్రాక్సీతో నడిచిందా?
4. డీఇంటర్‌లేస్ చేశాక పడవ అంచు శుభ్రంగా ఉందా?
5. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో నీరు విరిగిందా? వాటర్‌మార్క్ పడిందా?
6. ఎక్స్‌పోర్ట్‌కు ఎంతసేపు పట్టింది?

ఎక్కువ ‘బాగుంది’లు వచ్చిందే మీ సాఫ్ట్‌వేర్. స్నేహితుడికి ఇంకోటి రావచ్చు. ఇద్దరూ రైటే.

ఇదంతా కొలువుకెలా పనికొస్తుంది?

టీవీ చానల్లో గానీ, పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలో గానీ కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే సినిమా కోసి పెట్టమని ఇవ్వరు. ఇచ్చేది అసిస్టెంట్ ఎడిటర్ పని. కార్డులు దించడం, సరిచూడటం, పేర్లు పెట్టడం, ప్రాక్సీలు తయారుచేయడం, విడిగా రికార్డయిన శబ్దాన్ని బొమ్మకు కలపడం, కలరిస్టుకు, సౌండ్ వాళ్లకు సరైన ఫైళ్లు పంపడం. పైన మీరు చదివిందంతా ఆ ఉద్యోగమే! ఎఫెక్టులు వేయగలిగేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఫుటేజీ పోగొట్టకుండా, పని ఆగకుండా చూసేవాళ్లు తక్కువ. అలాంటివాళ్లను ఎవరూ వదులుకోరు.

డిగ్రీ ఉన్నవాళ్లు పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇనిస్టిట్యూట్‌లో ఎడిటింగ్ కోర్సులకు ప్రయత్నించొచ్చు. ఏ సబ్జెక్టులో డిగ్రీ అయినా ఫర్వాలేదు. హైదరాబాద్‌లో అన్నపూర్ణ కాలేజ్ ఆఫ్ ఫిల్మ్ అండ్ మీడియా ఉంది. ఇల్లు కదల్లేనివాళ్లకు రిసాల్వ్ శిక్షణ పుస్తకాలు, సాధన ఫుటేజీ బ్లాక్‌మ్యాజిక్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

సొంత ఊళ్లోనూ అవకాశం ఉంది. 2003 గోదావరి పుష్కరాల నాటి కుటుంబ వీడియోలు చాలా ఇళ్లలో ఇంకా టేపుల్లోనే ఉన్నాయి. 2015 నాటివి కార్డుల నుంచి హార్డ్‌డిస్క్‌లకు చేరి, తెరిచేవాళ్లు లేక పడి ఉన్నాయి. టేపులు ఏటికేడు పాడవుతాయి, వాటిని నడిపే కెమెరాలూ కరవవుతున్నాయి. వాటిని శుభ్రంగా డిజిటల్‌లోకి మార్చి ఇవ్వడం ఒక ఉపాధి. 2027లో మళ్లీ పుష్కరాలు. పిండప్రదానాల నుంచి పడవ ప్రయాణాల దాకా వీడియోలు కావాలనేవాళ్లు ఉంటారు. ఆ పని మీ ఊరివాళ్లకు దక్కుతుందా, బయటివాళ్లకా అన్నది ఇప్పటి సాధనను బట్టే ఉంటుంది.

పోర్ట్‌ఫోలియోలో అందరూ ఎఫెక్టులతో మెరిసే రెండు నిమిషాల రీలు పెడతారు. మీరు దాని పక్కన ఒక్క పేజీ చేర్చండి: ఏ కెమెరా, ఏ కోడెక్, ఏ సమస్య వచ్చింది, ఎలా తీర్చారు, ఎంత సమయం పట్టింది. ఇంటర్వ్యూలో అడిగేవారి చూపు ఆగేది ఆ పేజీ దగ్గరే. ఈ ఆదివారం ఓ నిమిషం ఫుటేజీ తీసి, దాన్ని మీడియాఇన్ఫోలో వేయండి. ఆ పేజీలో మొదటి వాక్యం అక్కడే దొరుకుతుంది.